కుక్కుటేశ్వరరావు గారి కొబ్బరికాయలు

కుక్కుటేశ్వరరావు గారు లోపల చూడందే ఏ వస్తువునీ నమ్మరు. తలగడ కొన్నా, పుచ్చకాయ కొన్నా, పౌడరు డబ్బా కొన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. వేలితో కొడతారు. వాసన చూస్తారు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఎక్స్‌రే తీస్తారు. ఆయనకి అనుమానం తీరడం నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఒక్కసారీ చూడలేదు.

ఎక్స్‌రే ఎలా తీస్తారంటారా? ఆయన ఉద్యోగమే అది. డాక్టరు కాదండోయ్! మనుషుల ఎముకలతో ఆయనకి పనిలేదు. రైస్ మిల్లు బాయిలర్లకీ, గ్యాస్ పైపులకీ వేసిన వెల్డింగ్ పైకి నున్నగానే ఉంటుంది. లోపల గాలి బుడగ ఉండిపోయిందో, సన్నటి పగులే ఉందో కంటికి కనబడదు. అలాంటి బాయిలరు ఏదో ఒకరోజు పేలి మిల్లునే ఎగరగొట్టేస్తుంది. అందుకని ఆ అతుకులకి ఎక్స్‌రే తీసి, ఫిల్మ్ కడిగి, వెలుగు పెట్టె మీద పెట్టి చూసి, పాస్ అనో, మళ్ళీ అతకమనో చెప్పాలి. ద్రాక్షారామం ఊరి చివర ఓ రేకుల షెడ్డులో ఉండేది మా టెస్టింగ్ ల్యాబు. ఓనరు గారు కాకినాడలో ఉండేవారు. ఇక్కడ సర్వాధికారాలూ కుక్కుటేశ్వరరావు గారివి. ఫిల్మ్ కడిగే చీకటి గదికి మాత్రం నేను, అంటే ఈ లక్ష్మీప్రసన్న, మహారాణిని.

ఇప్పుడు విశాఖలో పెద్ద కంపెనీలో చేస్తున్నాను. ఫిల్మూ లేదు, కడగడమూ లేదు. మీట నొక్కితే పైపు కడుపులో సంగతంతా కంప్యూటర్లో కనబడుతుంది. ఏసీ ఉంది, క్యాంటీన్ ఉంది. అయినా ఆ ఎర్రదీపం గదీ, మందునీళ్ళ వాసనా, తలుపవతల నుంచి "అమ్మా ప్రసన్నా, వచ్చిందా? లోపలెలా ఉంది?" అనే ఆయన ఆత్రమూ గుర్తొస్తే ప్రాణం అక్కడికే లాగుతుంది. ఇక్కడ ఎవరూ దేని కోసమూ అంత ఆత్రపడరు.

ఓసారి ఆయన రామచంద్రపురంలో చెప్పులు కొన్నారు. "అంతా తోలే అన్నాడమ్మా కొట్టువాడు. చూద్దాం" అని, ఓ మిల్లు పైపుతోపాటు వాటికీ ఎక్స్‌రే తీశారు. మడమలో తోలు లేదు, అట్టముక్కలున్నాయి. వాటిని పట్టి ఉంచడానికి నాలుగు మేకులున్నాయి. ఆ ఫిల్మ్ పట్టుకుని బస్సెక్కి కొట్టుకి వెళ్ళి, ట్యూబులైటుకి అడ్డంగా పెట్టి చూపించారు. కొట్టువాడు గుండెలు బాదుకుని, "అయ్యయ్యో, ఎవరి కాలండీ ఇది? ఇన్ని మేకులు దిగిపోయాయేంటి!" అని కుర్చీ వేసి కూర్చోబెట్టి సోడా తెప్పించాడు.

"కాలు కాదు నాయనా, నీ చెప్పు" అన్నారీయన, సోడా తాగేశాక.

ఇంకోసారి ఓ మిల్లు యజమాని మా ఓనరు గారికి దీపావళి కానుకగా వెండి లక్ష్మీదేవి బొమ్మని పంపించారు. తెచ్చినవాడు అది మా షెడ్డులో దింపి వెళ్ళాడు. ఇంకేముంది, గంటలో ఫిల్మ్ నా చేతిలో ఉంది. పైన పల్చటి వెండి రేకు, లోపలంతా లక్క.

"సార్, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఓనరు గారికి చెప్పకండి" అన్నాను.

"డిఫెక్టు చూసి దాచకూడదమ్మా. పేలుతుంది."

"లక్ష్మీదేవి పేలదు సార్!"

లక్ష్మీదేవి పేలలేదు గానీ ఓనరు గారు పేలారు. ఆయన ఆ బొమ్మని అదే డబ్బాలో వేరే పెద్దమనిషికి పంపిద్దామనుకున్నారట. తెలిశాక పంపలేరు, తెలియకపోతే ఎంత హాయిగా ఉండేదోనని చాలా రోజులు కుక్కుటేశ్వరరావు గారితో మాట్లాడలేదు.

మిషన్ వేసేటప్పుడు మాత్రం మనిషి వేరే. చుట్టూ తాడు కట్టి, ఎర్రజెండా పాతి, విజిల్ ఊది, అందర్నీ గోడవతలికి తరిమేవారు. పక్క చేలో మేస్తున్న గేదెలకి కూడా విజిల్ ఊదేవారు. ఎవరైనా సరదాకి "నా చెయ్యి కూడా తీయండి సార్" అన్నారో, ఆయనకి నిజంగా కోపం వచ్చేది. "ఇది ఇనుముకీ, వస్తువులకీ నాయనా. మనుషులకి కాదు" అని ఆ మనిషిని ఇంకో పది అడుగులు వెనక్కి పంపించేవారు.

వస్తువుల్లో ఆయనకి ముఖ్యమైంది కొబ్బరికాయ. ప్రతి ఆదివారం పైపు ముక్కల పక్కన ఖాళీ జాగాలో నాలుగైదు కొబ్బరికాయలు పేర్చేవారు. పైపులతోపాటు వాటి బొమ్మలూ ఫిల్మ్ అంచున పడేవి. ఓసారి పైపుల కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి, వెలుగు పెట్టె మీద ఫిల్మ్ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏంటండీ ఇది? ఇంత పెద్ద గుండ్రటి డిఫెక్టా!"

"డిఫెక్టు కాదండీ, కొబ్బరికాయ. చాలా మంచి కాయ. ఇదిగో చూడండి, ఈ తెల్లటి రింగు కొబ్బరి. ఇక్కడిదాకా నీళ్ళు. రింగు ఎక్కడా చెదరలేదు. మీ పైపే చెదిరింది. పక్కన చూడండి, పగులు."

తీసిన కాయలు నా చేతికిచ్చి, రోడ్డవతల అప్పాజీ కొట్లో ఇచ్చి రమ్మనేవారు. అప్పాజీది కొబ్బరికాయలు, పూజ సామాన్ల కొట్టు. అక్కడ అరువు తెచ్చుకుని ఈ పిచ్చి తీరాక వెనక్కి ఇస్తున్నారనుకునేదాన్ని. ఆ పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టిందో మాత్రం అప్పాజీయే ఓ రోజు చెప్పాడు.

అది చెప్పాలంటే ముందు మెస్సు గురించి చెప్పాలి. అప్పాజీ కొట్టు పక్కనే సత్యకుమారి గారి భోజనం హోటలు. ఆవిడ వండేవారు, వాళ్ళమ్మ సూరమ్మ గారు గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతూ వచ్చేపోయేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పేవారు. మధ్యాహ్నం అయ్యేసరికి కుక్కుటేశ్వరరావు గారు తల దువ్వుకుని అక్కడికి వెళ్ళి, వంటగది గుమ్మం కనబడే కుర్చీలో కూర్చునేవారు. ఆ కుర్చీలో ఇంకెవరైనా ఉంటే వాళ్ళు లేచేదాకా చేతులు కడుక్కుంటూనే ఉండేవారు.

"పప్పు బాగుందండీ" అనేవారు ఈయన.

"ఇంకాస్త వెయ్యనా?" అనేవారు ఆవిడ.

"వెయ్యండి."

ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా ఇదే. ఈయన ఆవిడ వైపు చూసేవారు, ఆవిడ చూసేసరికి గారె వైపు చూసేవారు. "ఈ లోకంలో నేను నమ్మే పదార్థం గారె ఒక్కటేనమ్మా ప్రసన్నా. మధ్యలో చిల్లు పెట్టి లోపలేముందో ముందే చూపించేస్తుంది" అని నాతో అనేవారు, ఆవిడకి వినబడేలా. వంటగదిలో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగేది. నాకు నవ్వొచ్చేది.

అప్పాజీ చెప్పిన సంగతి ఇది. పాతికేళ్ళ కిందట వీళ్ళిద్దరికీ సంబంధం కుదిరింది. ఈయనది పిఠాపురం. తాంబూలాల రోజున వినాయకుడి పూజకి కాయ పెళ్ళికొడుకు వాళ్ళింటి నుంచే తెచ్చారు. పెళ్ళికొడుకు ఉత్సాహంగా తానే కొట్టారు. కుళ్ళిపోయింది. గదంతా కంపు. "ఏం ఫర్లేదు, దిష్టి పోయింది, ఇంకోటి కొట్టండి" అన్నారు పురోహితుడు గారు. సూరమ్మ గారు మాత్రం లేచి నిలబడ్డారు. అంతకుముందు ఏడాదే ఆవిడ భర్త రావులపాలెం మార్కెట్‌కి అరటిగెలలు తోలడానికి లారీ కొన్నారు. దాని ముందు కొట్టిన కాయ కుళ్ళింది. ఆయనా నవ్వేసి ఇంకోటి కొట్టి బండెక్కారు. లారీ కాలవలో పడింది. మనిషి ఇంటికి రాలేదు.

"ఈ సంబంధం వద్దండీ. మీ అబ్బాయిని క్షేమంగా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారట సూరమ్మ గారు, చేతులు జోడించి. కోపం కాదు, భయం. దాంతో ఎవరూ వాదించలేకపోయారు.

సత్యకుమారి గారు ఇంకో సంబంధానికి ఒప్పుకోలేదు. ఈయనకీ పెళ్ళి లేదు. పెద్ద పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్ళకుండా, ద్రాక్షారామంలో షెడ్డు పెడుతున్నారని తెలిసి ఇక్కడ చేరారు. లోపల చూడందే ఏదీ నమ్మకపోవడం ఆ రోజు నుంచే మొదలైందని అప్పాజీ అన్నాడు. ఆ సాయంత్రం నేను ఆయన చెప్పులకీ తలగడలకీ నవ్వలేకపోయాను.

సూరమ్మ గారు మాత్రం నేను చూసేనాటికి మహా ధీమాగా ఉండేవారు. ప్రతి సోమవారం అప్పాజీ ఇచ్చిన కాయ పట్టుకుని భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళేవారు. ఆవిడ కాయ ఎప్పుడూ కుళ్ళదు. పైగా తరచూ పువ్వొచ్చేది. కాయ మొలకెత్తబోయే ముందు లోపల తెల్లగా, మెత్తగా ఉండ కడుతుందే, అదే పువ్వు. అది వస్తే కోరిక తీరుతుందని ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. ఆ చెక్కలు వీధంతా తిప్పి చూపించేవారు.

"చూశావుటే అమ్మాయ్? మళ్ళీ పువ్వు! స్వామికి నేనంటే ఎంత ప్రేమో!"

"మా సార్ని అడిగితే మీ కాయ కొట్టకముందే లోపలి పువ్వు చూపిస్తారు మామ్మగారూ" అన్నాను ఓసారి, ఊరికే.

"ఛీ ఛీ, అప్రాచ్యపు మాటలు! స్వామికంటే ముందు మనిషి లోపల చూసేస్తే ఇంకేముంది, ఎంగిలి! వాసన చూసిన పువ్వు దేవుడికి పెడతామా? ఆ మిషన్ సోకిన కాయ నా కాంపౌండులోకి కూడా రానివ్వను!"

లోపల భోంచేస్తున్న కుక్కుటేశ్వరరావు గారికి పొలమారింది. సత్యకుమారి గారు మంచినీళ్ళ గ్లాసుతో పరిగెత్తారు. ఆయన ముఖం ఎర్రబడి, నీళ్ళు తాగి, పప్పు కూడా మెచ్చుకోకుండా వెళ్ళిపోయారు.

ఇలా జరుగుతుండగా ఓ సాయంత్రం మేం తాడు కట్టి మిషన్ వెయ్యబోతున్నాం. సత్యకుమారి గారు రోడ్డు దాటి తిన్నగా వచ్చేస్తున్నారు. మా షెడ్డులో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదలు. ఈయన విజిల్ ఊదారు. ఆగలేదు.

"తాడు దాటకండి! తాడు దాటకండి!"

"దాటకుండానే ఇన్నేళ్ళయిందండీ" అన్నారావిడ, తాడు ఎత్తి దూరి వస్తూ. "నాకు జుట్టు తెల్లబడుతోంది. మీకు బట్టతల వస్తోంది. అమ్మని అడిగేశాను."

ఈయన నోట్లోంచి విజిల్ జారింది.

"ఏమన్నారండీ?"

"మిమ్మల్నే రమ్మంది."

మెస్సు గుమ్మంలో సూరమ్మ గారు కత్తిపీట పక్కన పెట్టి కూర్చున్నారు. ఇంత పెద్దమనిషీ ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"గురువారం తాంబూలాలు పెట్టుకుందాం నాయనా. కాయ నేను ఏరతాను. నువ్వు కొట్టు. బాగుంటే నా పిల్లని ఇస్తాను. కుళ్ళితే ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు, భోజనానికి కూడా. దాన్ని అలా ఎదురుచూపుల్లో ఇంక నేను చూడలేను. ఆ కాయ దరిదాపులకి నీ మిషన్ రాకూడదు. మాటివ్వు."

"ఇచ్చానండీ" అన్నారు. ఆ రాత్రి ఆయనకి జ్వరం వచ్చింది.

బుధవారం సూరమ్మ గారు అప్పాజీ కొట్టుకి వెళ్ళారు. అప్పాజీ గల్లాపెట్టె కిందకి వంగి ఏదో వెతికి, దొరక్క చెమటలు పట్టి, "సోమవారం ఇస్తానుగా మామ్మగారూ, అంతదాకా ఆగండి" అన్నాడు. ఆవిడ వినలేదు. కొట్టు ముందున్న రాశిలో చెయ్యి పెట్టి, వెతికి వెతికి ఓ కాయ తీసి, కొంగున కట్టుకుని తీసుకెళ్ళారు. అప్పాజీ అంత కంగారెందుకు పడుతున్నాడో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి, సత్యకుమారి గారు ఆ కాయని కూరల సంచిలో పెట్టి షెడ్డుకి తెచ్చేశారు.

"చూసేయండి. కుళ్ళిందయితే మంచిది పెట్టేస్తాను. అమ్మకి తెలీదు."

"సార్, ఒక్క నిమిషం పని. నేను కడిగేస్తాను" అన్నాను నేను. బతిమాలాను కూడా.

ఆయన కాయ చేతిలోకి తీసుకున్నారు. చెయ్యి అలవాటు కొద్దీ చెవి దాకా లేచింది. సగంలో ఆగిపోయింది. ఊపను కూడా ఊపకుండా దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశారు.

"మాటిచ్చానండీ."

"కుళ్ళితే?" అన్నారావిడ.

"కుళ్ళితే రేపట్నుంచి మధ్యాహ్నం పూట నేనెక్కడ కూర్చోవాలో నాకు తెలీదండీ" అన్నారాయన. "ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చోవడానికే పొద్దున్న లేస్తున్నాను."

ఆవిడ సంచి గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయారు. వెళ్తున్నంతసేపూ ఈయన చూస్తూనే ఉన్నారు. నేను చీకటి గదిలోకి పోయి, కడగడానికి ఏమీ లేకపోయినా తలుపేసుకున్నాను.

గురువారం పొద్దున్న మెస్సులో బల్లలు పక్కకి జరిపి చాపలు పరిచారు. ఆయనకి తల్లిదండ్రులు లేరు కాబట్టి పెళ్ళికొడుకు తరఫు పెద్దని నేనే. ఆయనలో సగం వయసు లేని నేను కాళ్ళు బారజాపకుండా, పెద్దరికంగా కూర్చున్నాను. ఆకులు, వక్కలు, పళ్ళు సర్దాను. అప్పాజీ గుమ్మం దగ్గర నిలబడి, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు. పురోహితుడు గారు వినాయకుడి పూజ చేసి, "కానివ్వండి" అన్నారు.

కుక్కుటేశ్వరరావు గారు ఒక్కసారి సత్యకుమారి గారి వైపు చూశారు. కాయ రాతి మీద కొట్టారు.

కుళ్ళిపోయింది.

నల్లటి నీళ్ళు రాతి మీద కారాయి. కంపుకి పురోహితుడు గారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. సత్యకుమారి గారు ఏడవలేదు. తలుపు పట్టుకుని అలా నిలబడిపోయారు. ఈయన చెక్కలు రెండూ కింద పెట్టి, సూరమ్మ గారికి నమస్కారం చేసి, చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. అవి ఆయన కాళ్ళ దగ్గరే ఉన్నాయి, కనబడటం లేదు.

"అప్పాజీ!" అన్నారు సూరమ్మ గారు. "ఇన్నేళ్ళలో నీ కొట్టు కాయ ఒక్కటి చెడలేదు. ఈ రోజే చెడాలా? ఏం పాపం చేశాన్రా నేను?"

అప్పాజీ ఇంక ఆగలేకపోయాడు.

"ఆయ్, ఇది సార్ చూసిన కాయ కాదండీ మామ్మగారూ! మీరే రాశిలోంచి లాక్కెళ్ళిపోయారు!"

"అప్పాజీ, ఊరుకో" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

"ఊరుకోనండీ! ఇన్నేళ్ళూ సోమవారం మీకిచ్చే కాయ ఈయన ఆదివారమే మిషన్లో చూసి పంపుతున్నారండీ. బాగున్నదే మీకిమ్మనేవారు. పువ్వున్నది దొరికితే అది మీకోసమే దాచమనేవారు. మాటిప్పించుకుని ఒక్క కాయ చూడకుండా చేశారు, ఇదిగో, ఇలా అయింది!"

నేను ప్రతి ఆదివారం రోడ్డు దాటించిన కాయలు ఎక్కడికి వెళ్ళాయో నాకు అప్పుడు తెలిసింది.

సూరమ్మ గారు నోరు తెరిచి ఈయన వైపు తిరిగారు.

"అన్నీనా?"

"అన్నీనండి" అన్నారాయన, నేరం ఒప్పుకున్నట్టు. "నేను ఇక్కడ చేరిన కొత్తలో మిమ్మల్ని గుళ్ళో చూశానండీ. కాయ పట్టుకున్నారు, కొట్టలేకపోతున్నారు. చేతులు వణుకుతున్నాయి. పక్కావిడకి ఇచ్చేసి, కొట్టేదాకా కళ్ళు మూసుకున్నారు. తాంబూలాల రోజున మా ఇంటి కాయే కదండీ మిమ్మల్ని మళ్ళీ భయపెట్టింది. అందుకని... ఎంగిలని నాకు తెలీదండీ. తెలిశాక కూడా మానలేకపోయాను. కుళ్ళింది వస్తే మీరు మళ్ళీ వణుకుతారని."

"మరి నా పువ్వులు?" అన్నారావిడ. ఆ గొంతులో కోపముందో, ఏడుపుందో చెప్పలేను. "స్వామికి నేనంటే ప్రేమని వీధంతా చెప్పుకున్నానే!"

"పువ్వు స్వామి పెట్టిందేనండీ. నేను మోశానంతే."

సూరమ్మ గారు కాసేపు ఆ కుళ్ళిన కాయనే చూశారు. పురోహితుడు గారు ఎంగిలి గురించి ఏదో శాస్త్రం చెప్పబోయారు. "మీరుండండి పంతులుగారూ. ఇన్నేళ్ళూ తిన్నాడా స్వామి, ఒక్కసారీ వద్దనలేదు" అని నోరు మూయించారు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"సత్యా, ఏంటలా నిలబడ్డావు? ఆ కంపు తీసి అవతల పారెయ్. రాయి కడుగు. అప్పాజీ, ఇంకో కాయ తేరా."

"అదీ సార్ చూసింది కాదండీ."

"ఏం అక్కర్లేదు. తే."

అప్పాజీ ఉరికాడు. కుక్కుటేశ్వరరావు గారు కాయ అందుకోబోతే సూరమ్మ గారు ఆయన చెయ్యి తోసేసి తానే తీసుకున్నారు. మోకాళ్ళు పట్టుకుని లేచారు. ఆవిడ చేతులు వణకలేదు, నేను చూశాను. ఒక్క దెబ్బ వేశారు.

అందరం మెడలు చాచాం. ఒక్కరు తప్ప. చెప్పుల మడమలోకి చూసి, లక్ష్మీదేవి కడుపులోకి చూసిన మా సార్ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని నిలబడ్డారు.

"కళ్ళు తెరు నాయనా, చూసుకో" అన్నారు సూరమ్మ గారు.

"మీరు చూశారు కదా అత్తయ్యగారూ. చాలండి."

ఆవిడ నవ్వారు. "సరే, అయితే చెయ్యన్నా పట్టు, కొబ్బరినీళ్ళు పోస్తాను" అన్నారు. ఆయన కళ్ళు మూసుకునే దోసిలి పట్టారు. నీళ్ళు ఒలికిపోకుండా దాని కింద సత్యకుమారి గారు తన చేతులు పెట్టారు.